దిగేవి, దిగనివి

ఫిబ్రవరి 11

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. అక్కడ నువ్వూ, డయాలసిస్ కోసం కుట్టిన, చెయ్యి పెడితే జివ్వుమని కొట్టుకునే నీ ఎడమచేతి నరమూ క్షేమమని తలుస్తాను.

ఆపరేషన్ అయిపోయిందిరా. నువ్వు ఫోన్లో వద్దు వద్దని అరుస్తుండగానే తేదీ ఖాయం చేసేసుకున్నాను. అరిచి అరిచి నీకే ఆయాసం వచ్చింది తప్ప లాభం ఏముంది? నీకు కిడ్నీ ఇస్తానని వెళ్తే డాక్టర్లు నన్ను త్రాసు మీదకి ఎక్కించి, ఎక్కినంత వేగంగా దింపేశారు. రక్తం కలిసింది, మిగతా పరీక్షలన్నీ కలిశాయి, ఈ ఒళ్ళొక్కటే అడ్డం. ఎనభై ఐదు కిలోలకి వస్తే గానీ నా మొహం చూపించొద్దన్నారు. ఎంత నడిచానో, ఎంత కడుపు మాడ్చుకున్నానో నీకు తెలుసు. తగ్గింది తగ్గినట్టే వెనక్కి వచ్చేది. అందుకే ఈ పట్టీ.

నువ్వు భయపడినట్టు కోసి పారేయడాలేం లేవు. పొట్ట పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ ఒకటి బిగించారు, జడకి రబ్బరు బ్యాండు వేసినట్టు. పైన చిన్న సంచి, కింద పెద్ద సంచి, మధ్యలో సన్నటి దారి. తిన్నది ముందు పై సంచిలో కూచుని, అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా కిందకి దిగాలి. బొడ్డుకి పక్కగా చర్మం కింద బిళ్ళలాంటిది పెట్టారు. అందులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, లాగేస్తే వదులవుతుంది.

తిండి విషయంలో నాకొక పంతులమ్మ దొరికింది. ఆస్పత్రిలో డైట్ నర్సు. నీకంటే చిన్నది, నవ్వదు. మొదట నీళ్ళలాంటివే తాగాలంది. తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత వేలితో నొక్కితే చితికేవి. ముద్ద చిటికెన వేలి గోరంత ఉండాలట. నోట్లోనే నీరయ్యేదాకా నమలాలట. తింటూ నీళ్ళు తాగకూడదట. ముందు గుడ్డో చేపో తినాలి, కూర తర్వాత, చోటు మిగిలితేనే అన్నం. ఎప్పుడైనా ముద్ద అడ్డం పడితే కంగారు పడకుండా లేచి నడవమంది. వాంతులు ఆగకపోయినా, నీళ్ళు కూడా దిగకపోయినా ఆ రోజే వచ్చెయ్యాలి, పట్టీ జారిందని అర్థం, దాచావంటే ప్రాణం మీదకొస్తుంది అని మీ బావ వైపు తిరిగి మరీ చెప్పింది. నా మొహం చూస్తే దాచే మనిషిలా ఉన్నానేమో.

మీ బావ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాక చేపని ఉడికించి మిక్సీలో వేసి తిప్పి గిన్నెలో పోసి తెచ్చాడు. ఆ రంగు చూసి, మీ లిఫ్టులకి పూసే గ్రీజు గానీ తెచ్చారా అన్నాను. తినవే తల్లీ, గ్రీజయితే ఇంకా తేలిగ్గా జారును అన్నాడు. నవ్వితే కుట్లు లాగాయి.

ఆయన నీ గురించి అడగడు. కానీ నేను నీతో ఫోన్లో మాట్లాడుతుంటే టీవీ శబ్దం తగ్గిస్తాడు. ఆయన దగ్గర లిఫ్టు పని మధ్యలో వదిలేసి, నలుగురిలో ఆయన్ని అన్ని మాటలని నువ్వు వెళ్ళిపోయి ఎన్నేళ్ళయింది! ఇంకా ఇద్దరూ బిగుసుకునే ఉన్నారు. మీ పట్టీలకి సూది ఎక్కడ గుచ్చాలో నాకు తెలియడం లేదు.

వచ్చే వారం మళ్ళీ బేకరీ పనికి వెళ్తాను. కేకుల మీద క్రీము పువ్వులు వేస్తూ వేలు నాక్కుండా ఉండటమే ఇప్పుడు నా తపస్సు.

ఆశీస్సులతో,
నీ అక్క

ఏప్రిల్ 20

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. మేం బాగానే ఉన్నాం. నీ ఉత్తరం అందింది.

చేతిలో నరం మూసుకుపోయిందనీ, ఇప్పుడు మెడ దగ్గర గొట్టం పెట్టి మెషిన్‌కి కలుపుతున్నారనీ ఎంత మామూలుగా రాశావురా! కారు టైరు మార్చినట్టు. డ్రైవింగ్ స్కూల్ వాళ్ళు నీ బదులు ఇంకొకర్ని పెట్టుకున్నారన్న సంగతి మాత్రం రెండు పేజీలు రాశావు. చదివి బేకరీ వెనక గదిలో మైదా బస్తా మీద కూలబడ్డాను. మా ఓనరమ్మ వచ్చి, ఎవరికేమైంది అని అడిగితే, ఎవరికీ ఏమీ కాకుండా చూడాలండీ అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో, టీ తెచ్చి ఇచ్చింది.

నా సంగతి చెప్తాను. ఇప్పుడు నాకు లోకంలో తిండి రెండే రకాలు. దిగేవి, దిగనివి. కోడిమాంసం దిగదు, ఎంత నమిలినా పీచు పీచుగా వెళ్ళి తలుపు దగ్గర అడ్డం పడుతుంది. మెత్తటి బ్రెడ్డు మరీ మోసం. నోట్లో కరిగినట్టే ఉంటుంది, లోపలికి వెళ్ళి మళ్ళీ పిండి ముద్దయి కూచుంటుంది. అన్నమూ అంతే. గుండె మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుంటుంది. నోరంతా నీళ్ళూరతాయి, లేచి బాత్రూముకి పరుగు. పొద్దున్నయితే మరీ బిగువు, మధ్యాహ్నానికి కాస్త దారి ఇస్తుంది. గుడ్డు మెత్తగా గిలక్కొట్టి ఆవిరి మీద ఉడికిస్తే దిగుతుంది. పెరుగు దిగుతుంది. ఉడికించి చిదిపిన క్యారెట్ దిగుతుంది.

ఇక ఏ పేచీ పెట్టకుండా జారిపోయేవి ఏమిటో తెలుసా? ఐస్‌క్రీమ్. కస్టర్డ్. టీలో నానబెట్టిన బిస్కెట్. మా బేకరీలో ఉన్నవన్నీ! పట్టీ ఒక కాపలావాడనుకుంటే, వాడు మంచివాళ్ళని ఆపి దొంగలకి సలాం కొట్టి పంపిస్తున్నాడు. మాంసం అడ్డం పడ్డ రోజు ఆకలికి తాళలేక ఒక కప్పు కస్టర్డ్ తాగాను. మర్నాడూ తాగాను. నెలాఖరుకి త్రాసు ఎక్కితే తగ్గకపోగా కిలో పెరిగాను.

డైట్ నర్సు తిట్టలేదు. తిడితే బాగుండేది. జారిపోయేదాన్ని కాదు, నిలబడి పనిచేసేదాన్ని ఎంచుకోండి, పట్టీ మీకు సాయమే గానీ మీ బదులు అది ఎంచుకోదు అంది. అలాగేనన్నాను. కానీ నా మెదడులో నీ మెడలోని గొట్టమే మెదులుతోంది. తిన్నగా, ఓపిగ్గా, ఆవిడ చెప్పినట్టు ఎంచుకుంటూ పోతే ఇంకో ఏడాది పడుతుంది. నీకు ఏడాది ఉందా? నువ్వు చెప్పవు. అందుకే నేనే అటూ ఇటూ అడిగి తెలుసుకున్నాను.

సర్జన్ దగ్గరికెళ్ళి, తిన్న గంటకే ఆకలేస్తోంది, పట్టీ బిగించండి అన్నాను. ఆయన కాస్త తటపటాయించాడు. ముద్దలు అడ్డం పడుతున్నాయా, వాంతులేమైనా అవుతున్నాయా అని అడిగాడు. లేదన్నాను. అన్నీ చక్కగా దిగుతున్నాయన్నాను. సూది గుచ్చి బిగించాడు. అక్కడే గ్లాసుడు నీళ్ళు తాగి చూపించమన్నాడు. నీళ్ళు వెళ్ళాయి. కొంచెం ఆగి, ఆలోచించుకుని వెళ్ళాయి.

మీ బావకి ఇదంతా చెప్పలేదు. నువ్వూ ఏ ఆవేశంలోనో ఫోన్ చేసి చెప్పకు. అయినా నువ్వు ఆయనకి ఫోన్ చేసేదెప్పుడులే.

ఉప్పు తగ్గించు. నీళ్ళు కొలిచి తాగు. నన్ను చూసి నేర్చుకో.

నీ అక్క

జూన్ 15

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీర్వచనాలు. నేను బాగున్నాను, చాలా బాగున్నాను.

నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదు. కోపం కాదురా. ఈ మధ్య ఒక దగ్గు పట్టుకుంది, మాట మొదలుపెడితే చాలు గొంతులోకి ఎగదన్ని వస్తుంది. ఆ గోలంతా నువ్వు వినడం ఎందుకని కాగితం మీద పడ్డాను. కాగితానికి దగ్గు వినపడదు.

ఒళ్ళు ఎలా తగ్గుతోందో చూస్తే నువ్వు నన్ను గుర్తుపట్టవు. మంచులా కరిగిపోతున్నాను. బేకరీకి రోజూ వచ్చేవాళ్ళు ఆగి మరీ, ఏం తింటున్నారండీ, మాకూ చెప్పండి అంటున్నారు. చెప్పడానికి ఏముంది? పొద్దున పల్చటి సూపు, చెంచాతో. మధ్యాహ్నం అదే సూపు. సాయంత్రం టీ. గుడ్డు దిగడం మానేసింది. క్యారెట్ కూడా. ఇప్పుడిక ఎంచుకునే బెంగ లేదు, అదొక సుఖం. ఏది దిగుతుందో అదే భోజనం. ఒక్కోరోజు సూపు కూడా కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు మళ్ళీ తాగుతాను.

మీ బావతోనే పోరు. రాత్రి నిద్రలో నా నోట్లోంచి తాగిందేమైనా వెనక్కి వచ్చిందేమోనని పొద్దున్నే లేచి నా దిండు గలీబు తడిమి చూస్తాడు. తడిగా ఉంటే తీసి ఉతుకుతాడు. మొన్న ఆదివారం నాకోసం చేప ఆవిరి పట్టి, ముల్లు లేకుండా ఏరి, వెన్నలా మెదిపి పెట్టాడు. ఎదురుగా కూచున్నాడు. నేను నోట్లో పెట్టుకుని నమిలి నమిలి, ఆయన అటు తిరగ్గానే రుమాల్లోకి ఊసేశాను. అటు తిరిగినా ఆయన చూపు తిరగలేదురా. గాజు బీరువాలో నా నీడని చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మెల్లగా అన్నాడు: లిఫ్టు తాడు అరుగుతుంటే కిర్రుమంటుందే, అప్పుడు భయం లేదు, ఎక్కడ అరుగుతుందో చెప్తుంది. నువ్వు మొదట్లో ఒకటే గోల పెట్టేదానివి, అది పడట్లేదు, ఇది పడట్లేదని. ఇప్పుడు ఏమీ అనడం లేదు. పద, ఆస్పత్రికి పోదాం అని.

పోనన్నాను. పోతే ముందు పట్టీ వదులు చేస్తారు. వదులు చేస్తే పోయిందంతా తిరిగొస్తుంది, మళ్ళీ మొదటికి. సోమవారం బరువు చూస్తారు, అది అయ్యాక ఏమన్నా చేసుకోండి అన్నాను. ఆయన లేచి పని బట్టలు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆదివారం పూట ఏం పనో.

సోమవారం త్రాసు ఎక్కాను. ఎనభై నాలుగున్నర! ఇంకా నిండుగా బట్టలు వేసుకునే! కిడ్నీ డాక్టర్లు చివరి పరీక్షలకి తేదీ ఇచ్చేశారు, వచ్చే నెల మొదటి వారం. డైట్ నర్సు మాత్రం త్రాసు వంక చూడకుండా నా నాలుక చూసింది, చేతి మీద చర్మం గిల్లి వదిలింది. అది మడత పడినట్టే కాసేపు ఉండిపోయింది. నీళ్ళు ఎన్ని తాగుతున్నారు అంది. కావలసినన్ని అన్నాను. రక్తం ఇచ్చి వెళ్ళమంది. బేకరీకి ఆలస్యమవుతుంది, పరీక్షల రోజు ఎలాగూ తీస్తారుగా అని వచ్చేశాను. వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

ఒక నవ్వొచ్చే సంగతి. ఒంటేలుకి వెళ్ళడం రోజుకి ఒకసారయితే గొప్పగా ఉంది. అదీ టీ డికాక్షన్ రంగులో. అక్కా తమ్ముళ్ళం కదా, పోలికలు ఎక్కడికి పోతాయి అనుకున్నాను.

ఇంకొంచెం ఓపిక పట్టు. ఇంకొంచెమే. నీ మెడలోంచి ఆ గొట్టం పీకించేస్తాను చూడు.

నీ అక్క

జులై 13

చిరంజీవి తమ్ముడికి అక్క అనేక ఆశీస్సులు. అక్షరాలు వంకరగా ఉన్నాయని హడలిపోకు. చేతికి సెలైన్ సూది ఉంది, అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. నేను కులాసా.

చిన్న గొడవ జరిగింది. బేకరీలో పెద్ద కేకు మీద పువ్వులు వేస్తుంటే కళ్ళు తిరిగి ముందుకి పడ్డాను, సరిగ్గా కేకు మీదే! ఓనరమ్మ పరుగెత్తుకొచ్చి నా మొహం మీద క్రీము తుడుస్తూ ఏడ్చిందట. నాకేమీ గుర్తులేదు. పట్టీ జారి, పొట్టని మెలిపెట్టి పట్టుకుందట. ఆ రోజే తీసేశారు. కాబట్టి నీ అక్క ఇప్పుడు పట్టీ లేని మనిషి.

పరీక్షలు కొంచెం వాయిదా పడ్డాయి. అంతే. నీరసంగా ఉన్నాను కదా, కాస్త కోలుకోనివ్వండి అన్నారు. డాక్టర్ల సంగతి నీకు తెలియందా, దేనికీ తొందరపడరు. నెలో రెండు నెలలో. బరువు మాత్రం ఇప్పుడు సరిపోతుంది, ఇంకా మిగులు కూడా. నువ్వు అధైర్యపడకు, ఇంకెవర్నీ అడక్కు. ఆ కిడ్నీ నీదే, నా దగ్గర దాచి పెట్టానంతే.

మొన్న ఆపరేషన్ తర్వాత మొదటిసారి మెత్తటి అన్నం పెట్టారు. అలవాటు కొద్దీ చెంచా చివర తీసుకుని, నమిలి నమిలి, ఎక్కడ ఆగుతుందోనని గుండె దగ్గర చెయ్యి పెట్టుకుని చూశాను. ఆగలేదురా. ఎవరూ అడ్డం లేని వీధిలో నడిచినట్టు వెళ్ళిపోయింది. పక్క మంచం ఆవిడ, ఏమ్మా అన్నం తింటూ ఏడుస్తున్నావు అని అడిగింది. చప్పగా ఉందండీ అన్నాను. నిజంగానే చప్పగా ఉంది. ఈ వంటవాళ్ళు రోజూ ఉప్పు వేయడం మర్చిపోతున్నారు. నీళ్ళు కూడా పిసినారితనంగా చిన్న గ్లాసులో పోస్తారు. అరటిపండు అడిగితే లేదన్నారు. ఆస్పత్రులన్నీ ఇంతే.

ఇంతసేపు కూచుంటే అలసట వస్తోంది. మధ్యాహ్నం నన్ను కింద అంతస్తుకి తీసుకెళ్తారు, ఏవో మామూలు పరీక్షలు, నాలుగు గంటలు పడుతుంది. అందుకే ఇప్పుడే ముగిస్తున్నాను. మీ బావ చేత పోస్టు చేయిస్తాను. ఆయన చదవడులే, నాకు మాటిచ్చాడు.

వేళకి తిను. మందులు మానకు.

ఎప్పుడూ నీ మంచి కోరే,
అక్క

తా.క.

ఇది మీ బావ రాస్తున్నది. మాట తప్పి చదివాను.

వాయిదా కాదు. మీ అక్క ఇక ఎవరికీ కిడ్నీ ఇవ్వడం కుదరదు. ఒంట్లో నీళ్ళన్నవి లేకుండా అన్ని వారాలు ఉండటం, ఆ పైన పట్టీ మెలిక పడి పొట్టలో కొంత భాగం చచ్చిపోయి విషం ఎక్కడం, రెండూ కలిసి ఆమె కిడ్నీలు రెండూ పని ఆపేశాయి. కింద అంతస్తులో జరిగేది పరీక్ష కాదు. నువ్వు పడుకునే మెషిన్ లాంటిదే. రోజు మార్చి రోజు తీసుకెళ్తున్నారు. వంటవాళ్ళు ఉప్పు మర్చిపోలేదు. ఉప్పూ నీళ్ళూ పళ్ళూ తగ్గించి పెట్టే ఆ పళ్ళెం నీ పళ్ళెమే. ఆమెకి అంతా తెలుసు. నీకు తెలియకూడదని ఇదంతా రాసింది.

ఇంకో సంగతి నేనే నీకు చెప్పాలి. జూన్‌లో ఆమె తిండి రుమాల్లో ఊసిన రోజు నేను పనికి పోలేదు. ఆస్పత్రికి పోయి, నా కిడ్నీ నీకు కలుస్తుందేమో చూడమని రక్తం ఇచ్చొచ్చాను. నాది సరిపోతే, ఆ పట్టీ పీకించెయ్, నీ తమ్ముడికి నేనిస్తాను అని ఆమెతో చెప్పాలనుకున్నాను. ఇంకా పరీక్షలున్నాయి, ఈలోపు ఏమీ చెప్పొద్దన్నారు. అన్నీ అయ్యి, సరిపోతుందని వాళ్ళు చెప్పేసరికి ఆమె ఆపరేషన్ బల్ల మీద ఉంది.

నాది నీకు సరిపోతుంది. ఆమెకీ సరిపోతుందని నిన్న చెప్పారు. ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే.

ఆమెవి మళ్ళీ పని మొదలుపెట్టొచ్చు, పెట్టకపోవచ్చు, మూడు నెలలు చూస్తే గానీ ఏ సంగతీ చెప్పలేమంటున్నారు డాక్టర్లు. తేరుకుంటే, ఆ రోజే బయల్దేరి వచ్చి నాది నీకిస్తాను, నువ్వు నాతో మాట్లాడినా మాట్లాడకపోయినా. తేరుకోకపోతే ఆమెకిస్తాను. అప్పటిదాకా నువ్వు ఆగాలి. ఆగేంత టైము నీకుందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే ఆగమంటున్నాను. ఇది పాత కోపంతో చెప్తున్నది కాదు. నీకిది ఇంకెవరో చెప్పడం నాకిష్టం లేదు, అంతే.

నేను రాశానని ఆమెకి తెలియనివ్వకు. ఆమె రాసిందంతా నమ్మినట్టే జవాబు రాయి, కాస్త పెద్దది రాయి. నీ దగ్గర్నుంచి ఏదొచ్చినా రోజంతా చేతిలోనే పట్టుకుంటుంది. ఏం తిన్నావక్కా అని మాత్రం అడక్కు.